మింగేసిన మాట

కౌసల్యకు అబద్ధమాడడం చేతకాదు. అదేదో సద్గుణమని చెప్పడం లేదు, కొందరికి ఈత రానట్టు ఆమెకు అది రాదు, అంతే. చిట్కుల్‌లో వాళ్లు కిరాయికున్న గదుల వరుసలో ఎవరైనా వచ్చి "జెర చక్కెరున్నదా అక్కా" అని అడిగితే, ఉన్న గుప్పెడూ దాచుకోవాలని మనసు పీకుతున్నా నోరు మాత్రం "ఉన్నది" అనేసేది. తర్వాత చప్పటి చాయ్ తాగుతూ తనను తానే తిట్టుకునేది. అలాంటి మనిషి బతుకు మొత్తం మీద ఒకే ఒక్క అబద్ధం కుదురుగా, గట్టిగా, ఎదుటివాడు నమ్మేలా ఆడింది. మొగుణ్ణి బతికించుకోవడానికి ఆడింది.

మొగుడి పేరు చిన్నరాములు. కొండాపూర్ మండలంలో వాళ్ల ఊళ్లో ముసలి తల్లి రాజవ్వ, అన్న మల్లయ్య, ఇద్దరన్నదమ్ములకూ కలిపి రెండెకరాల చెలక. ఆ చెలకలో వానకు ఎదురుచూసి విసిగిపోయి, తొంభై రెండులో బొల్లారం వచ్చి మందుల కంపెనీలో చేరాడు. మందుల కంపెనీ అంటే గోలీలు, సీసాలు తయారయ్యే చోటు కాదు. ఆ గోలీల్లో పడే పొడిని పెద్ద పెద్ద ఉక్కు పాత్రల్లో ఉడికించి తీసే చోటు. ఆ పాత్రను రియాక్టర్ అంటారు. మొదట మూటలు మోశాడు, డ్రమ్ములు దొర్లించాడు. నాలుగేళ్లకు రియాక్టర్ దగ్గర నిలబడే పని ఇచ్చారు. ఉద్యోగం కాంట్రాక్టుదే గానీ గర్వం మాత్రం పర్మనెంటు. పెళ్లయిన కొత్తలో పెళ్లానికి నాలుగు ముద్దుమాటలు చెప్పాల్సిన వేళ కూడా రియాక్టర్ గురించే చెప్పేవాడు.

"ఒక బ్యాచ్ లోపలుండంగ ఇంకో బ్యాచ్ సరుకు పొయ్యద్దు కౌసల్యా. పిడికెడు గూడ పొయ్యద్దు. రెండు కలిస్తే ఏమైతదో ఎవ్వలకు తెల్వది. మొదలు ఖాళీ చెయ్యాలె, కడగాలె. ల్యాబు సారు వచ్చి చూసి సరే అనాలె. గప్పుడు కొత్త సరుకు."

"మేము గంజు గూడ కడిగే వండుతం" అనేది ఆమె నవ్వాపుకుంటూ.

"గంజు గాదే అది!" అని అతను నిజంగానే నొచ్చుకునేవాడు. ఎక్కడో ఒక కంపెనీలో కడగకుండా సరుకు పోసినవాడి చేతులు మోచేతుల దాకా ఎట్లా కాలిపోయాయో వర్ణించేవాడు. రియాక్టర్ దగ్గర నిలబడ్డప్పటి నుంచి తన చేతి మీదుగా ఒక్క బ్యాచ్ కూడా చెడిపోలేదని, ఆ మాట మేనేజరే నలుగురిలో అన్నాడని చెప్పుకునేవాడు. తాగుడంటే అప్పట్లో ఆదివారం ఊరికి పోయినప్పుడు అన్నతో కలిసి తాగే కల్లే. కౌసల్య కూడా పాశమైలారంలో ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో చేరింది. ఇద్దరి బతుకూ ఒక గాడిన పడిందనే అందరూ అనుకున్నారు.

పెళ్లయిన ఆరేళ్లకు, రెండువేల నాలుగులో ఆమెకు నెల తప్పింది. సర్కారు దవాఖానలో కడుపుతో ఉన్నవాళ్లందరికీ చేసే రక్తపరీక్షలే ఆమెకూ చేశారు. వారం తర్వాత పిలిచి, తలుపు దగ్గరగా వేసి, మొగుణ్ణి కూడా తీసుకురమ్మన్నారు. ఇద్దరికీ హెచ్‌ఐవీ ఉందని తేలింది. ఐదో నెలలో కడుపు పోయింది. ఈ రెండింటికీ సంబంధం ఉందో లేదో డాక్టరమ్మ కూడా తేల్చి చెప్పలేకపోయింది. చిన్నరాములు మాత్రం తేల్చేసుకున్నాడు.

ఎట్లా వచ్చిందని కౌసల్య ఒక్కసారే అడిగింది. కంపెనీ వాళ్లు గుజరాత్‌లో కొత్త ప్లాంటు నడపడానికి ఆరు నెలలు పంపినప్పటి సంగతి అతను తల ఎత్తకుండా చెప్పాడు. ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చింది. క్షమించిందని కాదు. ఎవరికీ చెప్పుకోలేని రోగం ఇద్దరిదీ అయ్యాక, దాని గురించి మాట్లాడుకోవడానికి ఆమెకు అతను తప్ప ఇంకో మనిషి లేడు. ఊళ్లో తెలిస్తే రాజవ్వ గుండె ఆగుతుంది. కిరాయి గదుల్లో తెలిస్తే సామాను బయట పడుతుంది.

ఆమె ఏడ్చింది, తిట్టింది, మళ్లీ పనికి పోయింది. అతని వల్ల అది కాలేదు. షిఫ్టు దిగి వచ్చి, తువ్వాల నెత్తిన వేసుకుని గడప మీద కూర్చుంటే అలాగే కూర్చునేవాడు. అన్నం పెడితే కలిపి, కలిపి, వదిలేసేవాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. స్నానానికి నీళ్లు తోడి పెడితే అవి చల్లారిపోయేవి. నిద్ర పట్టదు, పడితే మెలకువ రాకుంటే బాగుండనిపిస్తది అని ఒకసారి అన్నాడు. "మనసున పడ్తలేదే" అనేవాడు, ఏది పడడం లేదో చెప్పకుండా.

అదీ ఒక జబ్బేనని, దానికీ వైద్యం ఉంటుందని ఆ వరుసలో ఎవరికీ తెలియదు. జ్వరమొస్తే నుదురు పట్టి చూస్తారు, మనసు చచ్చిపోతే ఎక్కడ పట్టి చూస్తారు? ఆ దిగులుకు అతనికి తోచిన ఉపాయం ఒక్కటే, ఇస్నాపూర్ చౌరస్తాలో దొరికే క్వార్టర్ సీసా. మొదట వారానికొకటి, తర్వాత రెండు, ఆ తర్వాత వారంలో తాగని రోజులు ఏవో చెప్పుకోవడమే తేలికైంది. జనానికి సీసా కనబడింది, దిగులు కనబడలేదు. జనాన్ని అనడమెందుకు, ఆ గదిలోనే పడుకునే పెళ్లానికే కనబడలేదు.

మరుసటి ఏడు పట్నంలోని పెద్ద దవాఖానలో ఆ రోగానికి గోలీలు ఊరికే ఇస్తున్నారని తెలిసి ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు. గోలీలు ఎట్లా వేసుకోవాలో చెప్పడానికి అక్కడొక కౌన్సిలర్ ఉండేది, ఫకృన్నీసా మేడం. సంగారెడ్డి ఆడపడుచు, అచ్చం వీళ్ల యాసే. బల్లకు అటువైపు కూర్చోకుండా కుర్చీ ఇటు లాక్కుని వీళ్ల పక్కనే కూర్చుంది. ఆ ఒక్క పనికే కౌసల్యకు కళ్లనీళ్లు తిరిగాయి. ఏడాదిలో వాళ్ల పక్కన అంత దగ్గరగా కావాలని వచ్చి కూర్చున్న మనిషి ఆమే.

"పొద్దుగాల ఎనిమిదికి ఒకటి, మాపటికి ఎనిమిదికి ఒకటి" అంది మేడం. "పెండ్లున్నా సావున్నా తప్పొద్దు. నడుమ నడుమ ఇడిసిపెడ్తే లోపలున్న పురుగు ఈ గోలీకి మరుగుతది. మరిగిందంటే ఇగ ఇవి పనిచెయ్యయి. వీటి తర్వాత ఇచ్చేటి గోలీలు మా దగ్గరికి ఇంక రాలే. బయట కొనుడు మీతోని గాదు, నాతోని గాదు. గీ ఒక్క రకమే మీ పానం. సమజైందా?"

సమజైంది. కౌసల్య ఆ రోజే పటాన్‌చెరు బజారులో అలారం గడియారం కొన్నది. ఆరు నెలలు తిరిగేసరికి ఆమె ముఖం తేటపడింది, చెంపలు పూడాయి. వరుసలో ఆడవాళ్లు ఏం తింటున్నావని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఎర్రబడి లోపలికి పోయేది. చిన్నరాములు ఒళ్లు కూడా మొదట కాస్త నిమ్మళించింది. కానీ సీసా ఆగలేదు.

ఒక నెల అతనికి సెలవు దొరకలేదు. ఇద్దరి గోలీలూ తేవడానికి కౌసల్య ఒక్కతే పట్నం పోయింది. మేడం పక్కన కూర్చోగానే కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఎట్లా తాగుతున్నాడు, ఎట్లా కూర్చుంటున్నాడు, పండుగకు కొత్త అంగీ కొనిస్తే మడత కూడా విప్పలేదు, అన్నీ చెప్పి ఏడ్చింది.

"తాగుడు మెల్లగ మాన్పిద్దాం. మల్లొచ్చేటప్పుడు తోలుకొని రా, నేను మాట్లాడ్త" అంది ఫకృన్నీసా. "కాని ఒక్కటి యాదివెట్టుకో. తాగిన నాడు గూడ గోలీ ఆపొద్దని చెప్పు. తాగినా సరే, గోలీ మాత్రం ఏస్కోవాలె. కొందరు తాగినమని గోలీ ఇడిసిపెడ్తరు, దాంతోనే ఖరాబైతది. ఇంటికి పోంగనే మొదలు గీ మాట చెప్పు."

చెబుతానని తలూపి బస్సెక్కింది. పట్నం నుంచి పటాన్‌చెరు గంటన్నర దారి. ఆ గంటన్నరా 'తాగినా సరే' అన్న ముక్క ఆమె గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. ఈ మాట చెబితే ఇక అతనికి పట్టపగ్గాలుంటాయా? మేడమే తాగమన్నది అంటాడు. రేపటి నుంచి ఇంట్లోనే సీసా పెట్టుకుని కూర్చుంటాడు. ఇన్నాళ్లూ తిట్టి, అన్నం మానేసి, కాళ్లు పట్టుకుని ఆపలేనిదాన్ని తన నోటితోనే తలుపు తీసి లోపలికి పిలిచినట్టవుతుంది. బస్సు రామచంద్రాపురం దాటేసరికి ఆమె ఆ మాటను మింగేసింది. పటాన్‌చెరులో దిగేసరికి దాని చోట ఇంకో మాట తయారైంది.

మన భాష ఒకటుంది. గోలీనీ మందే అంటుంది, సారానూ మందే అంటుంది. ఒకటి ప్రాణం నిలబెట్టేది, ఇంకోటి తీసేది అన్న మర్యాద కూడా చూడదు. కౌసల్యకు ఆ రోజు అది బాగా అక్కరకొచ్చింది.

"మందూ మందూ కలవొద్దట" అంది ఇంటికి రాగానే, చెప్పులు కూడా విప్పకుండా. "కలిస్తే లోపల విషమైతదట. తాగిన నాడు గోలీ ముట్టనే ముట్టద్దని మేడం గట్టిగ చెప్పింది."

గోలీ దక్కదని భయం పెడితే సీసా వదిలేస్తాడనుకుంది. మనిషన్నాక ప్రాణం మీద తీపి ఉంటుంది కదా అన్న ధైర్యంతో వేసిన ఎత్తు అది. ఆ తీపి అతనికి ఎప్పుడో పోయిందని ఆమెకు తెలియదు.

చిన్నరాములు చాలా రోజుల తర్వాత ఒక మాట శ్రద్ధగా విన్నాడు. "మందూ మందూ కలవొద్దంటే... రియాక్టర్ తీర్గనే అన్నట్టు" అన్నాడు.

"ఆఁ, గట్లనే!" అంది కౌసల్య, తన మాట ఇంత బాగా ఎక్కినందుకు సంబరపడి.

"మరి తాగినంక ఎంతసేపటికి సాఫ్ అయితది?"

ఈ ప్రశ్న ఆమె ఊహించలేదు. "నాకేం ఎరుక? ఒక దినమన్న పడ్తది గావచ్చు. గందుకే తాగకు" అంది. చివరి మాట అతను రోజూ వినేదే, దాన్ని పట్టించుకోలేదు. ముందు మాట మాత్రం కొత్త సంగతి, పైగా తన పనికి చెందిన సంగతి. అది పట్టుకున్నాడు.

ఆనాటి నుంచి చిన్నరాములు తన ఒంటిని రియాక్టర్‌లా చూసుకున్నాడు. తాగిన రాత్రి గోలీ వేసుకోడు. మర్నాడు లేచి చెంబుల కొద్దీ నీళ్లు తాగి లోపల కడుక్కుంటాడు. ఆ దినమంతా ఆగి, అప్పుడు మళ్లీ మొదలుపెడతాడు. ఆ సాయంత్రమే మళ్లీ తాగితే మళ్లీ ఒక దినం. పదేళ్లు ఒక్క బ్యాచ్ చెడగొట్టని మనిషి, ఈ బ్యాచ్ కూడా చెడిపోకూడదని ఎంత నిష్ఠగా చేశాడో అంత నిష్ఠగా చెడగొట్టుకున్నాడు. వేసుకోని గోలీలను పారేయలేదు, సర్కారు ఇచ్చిన సరుకు. ఒక పాలపొడి డబ్బాలో వేసి, పైన పాత దుప్పట్ల వెనక పెట్టాడు. నెలనెలా దవాఖానకు ఖాళీ గోలీల సీసా మాత్రం తీసుకుపోయేవాడు. మిగిలినవి చూపిస్తే తాగిన రోజులు బయటపడతాయి, మేడం ముందు అంత సిగ్గుచేటు పడలేడు. మేడం తాగుడు మాట ఎత్తితే "తక్కువ జేసిన మేడం" అని నేల చూపులు చూసేవాడు.

"గోలీ ఏసుకున్నవా?" అని కౌసల్య అడిగితే "ఆఁ" అనేవాడు. తాగి ఉన్నప్పుడూ, మాట పెరగకుండా ఆఁ అనేవాడు. ఆ ఆఁ విని ఆమె లోపల్లోపల ఊపిరి పీల్చుకునేది. నా బెదిరింపు ఏమీ పనిచేయలేదు, పోనీ గోలీ అయితే పడుతోంది కదా అనుకునేది. అయినా బెదిరింపు మానలేదు. ఎప్పటికైనా పని చేయకపోతుందా అని, అతను తూలుతూ వచ్చిన ప్రతిసారీ "తాగినవు గద, ఇగ ముట్టకు దాన్ని! నీకెందుకది!" అని అరిచేది. అతను బుద్ధిగా తల ఊపేవాడు.

అలా ఏడాదిన్నర గడిచింది. మొదట నోట్లో పుండ్లు లేచాయి. తర్వాత విడవకుండా విరేచనాలు, సాయంత్రమైతే జ్వరం. రియాక్టర్ మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోతే, ఇంటి దగ్గర కొన్నాళ్లు ఉండమని కాంట్రాక్టరు చెప్పాడు. అంటే ఇక రావద్దని. ఊరి నుంచి మల్లయ్య వచ్చి తమ్ముణ్ణి చూసి నిలువునా నీరైపోయాడు. నీరైనవాడు తిట్టకుండా ఉండలేడు కదా, "తాగి తాగి కార్జం కుళ్లవెట్టుకున్నవుర! ఇంట్ల నీకేం తక్కువైందిర!" అని ఆ వరుసంతా వినబడేలా తిట్టాడు. కార్జమే కుళ్లిందని అందరూ అనుకున్నారు. మొగుడూ పెళ్లం అనుకోనిచ్చారు.

రెండువేల ఏడు ఎండాకాలంలో పెద్ద దవాఖానలో రక్తం తీసి చూశారు. రోగాన్ని అడ్డుకునే కణాలు కౌసల్యకు నిండుగా ఉన్నాయి. అతనికి అడుగంటాయి. ఒకే రోజు మొదలుపెట్టారు, ఒకే గోలీలు, ఒకే ఇల్లు. డాక్టరు కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, సంగతి కనుక్కోమని ఫకృన్నీసా దగ్గరికి పంపాడు.

"నిజం చెప్పు రాములన్నా" అంది ఆమె. "గోలీలు తప్పుతున్నయా?"

అతను చేతిసంచిలోంచి పాలపొడి డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు. ఆ డబ్బా సంచిలో ఉందని కౌసల్యకు తెలియదు. మూత తీస్తే సగం పైన గోలీలు.

"ఒక్కటి గూడ పారెయ్యలే మేడం" అన్నాడు. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. "తాగిన నాడు ఏసుకోలే, మల్ల కడుపు సాఫ్ అయినంకనే ఏసుకున్న. మందూ మందూ కలవనియ్యలే. ఒక్కనాడు గూడ కలవనియ్యలే."

ఫకృన్నీసా డబ్బా మూత చేతిలో పట్టుకునే అతని వైపు తిరిగింది. "గట్లని ఎవరు చెప్పిన్రు నీకు?" అంది. "నేను చెప్పలే గదా! తాగినా సరే గోలీ ఆపొద్దని చెప్పిన. మీ ఆమెతోని చెప్పి పంపిన. చెప్పలేదా?"

కౌసల్య చూపు డబ్బా మీద నుంచి నేలకు దిగింది. చిన్నరాములు ఆ క్షణంలో అంతా అర్థం చేసుకున్నాడు. మేడం ఏం చెప్పి పంపింది, ఇంటికి ఏం వచ్చింది, నడుమ ఏం మాయమైంది. అతను పెళ్లం వైపు తిరగలేదు. తిరిగితే మేడం చూపు కూడా అటే తిరుగుతుందని కావచ్చు.

"చెప్పింది మేడం" అన్నాడు. "ఆమె చెప్పనే చెప్పింది. నేనే చెవిన పెట్టలే. కంపెనీల అలవాటు గద, బ్యాచ్ మీద బ్యాచ్ పొయ్యం. నా అంతట నేనే గట్ల అనుకున్న."

మేడం తన తలే పట్టుకుంది. తప్పు నాదే, నేనే పిలిపించి ఎదురుగా చెప్పాల్సింది అంది. తర్వాత అతన్ని చాలాసేపు అడిగింది. నిద్ర గురించి, తిండి గురించి, బతకాలని ఉందా లేదా అని. నీది తాగుడు జబ్బు ఒక్కటే కాదు, మనసు జబ్బు, దానికి వేరే డాక్టరున్నాడు అని అదే రోజు ఆయన దగ్గరికి తీసుకుపోయింది. మూడేళ్లలో ఆ ప్రశ్నలు అతన్ని అడిగిన మొదటి మనిషి ఆమె.

తిరుగు బస్సులో అతను కౌసల్యకు కిటికీ పక్క సీటు ఇచ్చాడు. తిడతాడని ఆమె లింగంపల్లి దాకా చూసింది, రామచంద్రాపురం దాకా చూసింది. ఇంట్లో కొడతాడేమో, కొట్టినా బాగుండనుకుంది. అతను ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, ఎనిమిది కాగానే గోలీ వేసుకున్నాడు.

ఆనాటి నుంచి సీసా ముట్టలేదు. మొదటి పదిరోజులు చేతులు వణికి, చెమటలు పోసి, గోడకు తల కొట్టుకున్నాడు గానీ ముట్టలేదు. మనసు డాక్టరు ఇచ్చిన గోలీలు నెలన్నరకు పనిచేయసాగాయి. గడ్డం గీసుకున్నాడు. కందిపప్పులో చింతపండు ఎక్కువైందని వంక పెట్టాడు. ఆ వంక విని కౌసల్య పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది, ఎందుకంటే అన్నానికి రుచి ఉందని అతనికి తెలిసి మూడేళ్లయింది. మనిషి మళ్లీ మనిషయ్యాడు. ఒళ్లు మాత్రం వెనక్కి రాలేదు. పురుగు ఆ గోలీలకు మరిగిపోయింది. వాటి తర్వాతివి ఇంకా రాలేదని, వస్తాయని అంటున్నారని, మేడం ప్రతి నెలా చెప్పేది. ఆ 'అంటున్నారు' కోసం ఇద్దరూ నెలనెలా బస్సెక్కేవారు.

ఒక మధ్యాహ్నం ఆమె ఉండబట్టలేకపోయింది. అతని పక్కన కూర్చుని, "నేను నీకు..." అని మొదలుపెట్టింది.

"ఎరుకే" అన్నాడతను.

"మేడం చెప్పింది నేను చెప్పలే. ఉల్టా చెప్పిన."

"ఎరుకే అంటున్న గద. తాగుడు మాన్పియ్యాలని అన్నవు."

"మరి నన్నెందుకు తిట్టవు?"

"మూడేండ్లు సావాలనే ఉండె నాకు. నువ్వేం జెయ్యకున్నా గదే జేసుకుందును. ఇప్పుడు లేదు గాని" అని ఆగి, "ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టు. జెర మజ్జిగుంటే పొయ్యి" అన్నాడు. ఆ 'ఇప్పుడు లేదు గాని' అన్న ముక్క కౌసల్యను తిట్టుకంటే ఎక్కువ కోసింది. బతకాలనిపించడం మొదలయ్యాకే అతనికి బతుకు అయిపోవచ్చింది.

తాగుడు మానిన ఏడో నెలలో జ్వరం మెదడుకు ఎక్కింది. రాజవ్వ నా కొడుకును నా దగ్గరికి తెమ్మని కబురు మీద కబురు పెడితే ఊరికి తీసుకుపోయారు. అక్కడ నాలుగు రోజులున్నాడు. ఐదో రోజు పొద్దున తల్లి చేతి జావ రెండు గుటకలు తాగి, మూడోది మింగలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూడడం ఆనవాయితీ. పప్పు, కోడికూర, గారెలు పెట్టారు. మల్లయ్య ఎర్రబడిన కళ్లతో జేబులోంచి క్వార్టర్ సీసా తీసి మూత తిప్పాడు.

"అది పొయ్యకు బావా" అంది కౌసల్య. "ముట్టక ఏడు నెలలాయె."

"ఏండ్లకేండ్లు తాగి సచ్చినోడు. ఇది లేకుంటే పిట్ట ముడ్తదా?" అన్నాడు మల్లయ్య. చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నట్టు తలలూపారు. తాగుబోతు, తాగి పోయాడు, పాపం పెళ్లం ఎంత మొత్తుకున్నా వినలేదు అని ఎవరో పక్కవాళ్లతో అన్నారు. కౌసల్యకు అబద్ధమాడడం చేతకాదని మొదటే చెప్పాను. చేతకాని మనిషి ఆడిన ఒక్కదాన్ని ఇన్నాళ్లు కడుపులో మోయడం ఇక ఆమె వల్ల కాలేదు.

"తాగి సావలే బావా" అంది. గొంతు పెద్దదే అయింది. "నా మాట ఇని సచ్చిండు."

అందరూ ఆమె వైపు చూశారు. మల్లయ్య చేతిలో సీసా అలాగే ఆగింది. దుఃఖానికి మతి చలించిందని ఒకామె నెమ్మదిగా అంది. రాజవ్వ కర్ర మీద లేచి, ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చి కోడలి పక్కన చతికిలబడింది. చూపు సరిగ్గా ఆనదు కాబట్టి తడిమి తడిమి ఆమె చేయి పట్టుకుంది.

"నీ మాట ఇన్నడా బిడ్డా?" అంది ముసలామె. "సిన్నప్పటిసంది వాడు నా మాట ఒక్కటి ఇనలే. వాళ్ల నాయిన మాట ఇనలే, అన్న మాట ఇనలే. పోనీ, నీ మాటన్న ఇన్నడు. నాకు గంతే సాలు."

రాజవ్వ ఆ చేయి వదలకుండా, నా కొడుకు పెళ్లం మాట వినేవాడట అని పక్కనున్న ఆడవాళ్లకు పేరుపేరునా చెబుతూ కూర్చుంది.